మణికట్టు పరీక్ష: ఎక్స్‌రే చూసే ముందు వేలితో చూడండి

రోగి కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఎక్స్‌రే కవరు మీ చేతికి అందిస్తాడు. గుంటూరులోనైనా విజయవాడలోనైనా ఎముకల ఓపీలో రోజూ జరిగేది ఇదే. ఆ కవరు తీసుకుని, విప్పకుండా బల్ల మీద పక్కన పెట్టండి. ముందు చెయ్యి చూడండి. ఫిల్ము చూశాక చెయ్యి పట్టుకుంటే, ఫిల్ములో తేడా ఉన్న చోటే నొక్కుతాం. ఫిల్ము బాగుంటే అసలు నొక్కడమే మానేస్తాం. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు, మీదుగా సాగే ఇరవైకి పైగా టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు), మూడు నరాలు, రెండు పెద్ద ధమనులు ఉన్నాయి. ఇవన్నీ నాలుగు వేళ్ల వెడల్పు జాగాలో ఇమిడి ఉన్నాయి. వేలు ఒక సెంటీమీటరు అటు జరిగితే జబ్బు పేరే మారిపోతుంది. అందుకే ఈ పరీక్షలో అన్నిటికన్నా విలువైన పనిముట్టు మీ చూపుడు వేలి కొన.

హౌస్ సర్జన్లకు, ఫిజియోథెరపీ విద్యార్థులకు, పల్లె ఆసుపత్రిలో ఒంటరిగా ఓపీ చూసే డాక్టర్లకు ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. అలవాటు పడితే మొత్తం పరీక్షకు పది నిమిషాలు చాలు. కావలసినవి ఒక బల్ల, రెండు కుర్చీలు, మడత పెట్టిన తువ్వాలు, కాస్త దూది, చర్మం మీద గుర్తు పెట్టే పెన్ను, బీపీ మిషను.

కూర్చోబెట్టడం

రోగిని మీకు ఎదురుగా, బల్లకు అవతల కూర్చోబెట్టండి. రెండు చేతులూ మోచేతుల పైదాకా కనిపించాలి. చొక్కా చేతులు మడిచి ఊరుకోకండి, మోచెయ్యి దాటించండి. నొప్పి ఉన్న చెయ్యి ఒక్కటే ముందుకు చాపితే రెండోది కూడా పెట్టమనండి. మణికట్టు ఎలా ఉండాలో చెప్పే పుస్తకం ఆ రోగి రెండో చెయ్యే.

వాచీ, దారాలు, ఉంగరాలు తీయించాలి. ఇక్కడ కాస్త సున్నితంగా ఉండండి. గాజులు తీయమని గట్టిగా అంటే పెద్ద వయసు ఆడవాళ్లు నొచ్చుకుంటారు, కొందరు లేచి వెళ్లిపోతారు కూడా. “అమ్మా, గాజులు తీయనక్కర్లేదు, మోచేతి వైపు పైకి జరపండి” అంటే చాలు, వాళ్లే జరుపుకుంటారు. జారకుండా వాటి కింద దూది ఉండ పెట్టండి. దెబ్బ తగిలి చెయ్యి ఉబ్బుతుంటే మాత్రం మొహమాటం వద్దు. ఉంగరం, గాజు అప్పటికప్పుడు తీసేయాలి. వాపు పెరిగాక అవే వేలికి ఉరితాడవుతాయి.

అడగవలసినవి

ఏ చేతి వాటం? ఏం పని చేస్తారు? ఎప్పటి నుంచి, ఎలా మొదలైంది? పడి ఉంటే, ఎలా పడ్డారో నోటితో చెప్పించుకోకుండా చేతితో చేసి చూపించమనండి. చాలామంది అరచెయ్యి నేలకు ఆనించి పడతారు. పడినవారి వయసును బట్టి ముందుగా దేన్ని అనుమానించాలో తెలుస్తుంది. పిల్లలకైతే రేడియస్ (ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక) కింది చివర, ఎదిగే పలక దగ్గర. బండి మీంచి పడ్డ కుర్రవాడికైతే స్కాఫాయిడ్ (మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక). కృష్ణ ఒడ్డున ఘాటు మెట్ల మీదో, ఇంట్లో స్నానాల గదిలోనో కాలుజారిన అరవై ఏళ్ల మామ్మగారికైతే రేడియస్ చివర విరిగే కాలిస్ ఫ్రాక్చర్. ఇది మొదటి అనుమానం మాత్రమే, తీర్పు కాదు.

పని గురించి అడిగినప్పుడు పేరుతో సరిపెట్టుకోకండి. “కూలి పని” అంటే ఏమీ తెలియదు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే మనిషి మణికట్టు వేరు, కల్లంలో కూర్చుని రోజంతా తొడిమలు తీసే ఆమె మణికట్టు వేరు. ఆమె బొటనవేలు, చూపుడు వేలు వేల సార్లు ఒకే కదలిక కదులుతాయి. ఆటోనగర్‌లో స్పానరు బిగించే మెకానిక్ మణికట్టును లోపలికీ బయటికీ తిప్పుతూ బలం పెడతాడు, నొప్పి చిటికెన వేలి వైపు వస్తుంది. పసిబిడ్డ తల్లిని బిడ్డను ఎలా ఎత్తుకుంటారో అడగండి. రెండు బొటనవేళ్లూ చాచి, చంకల కింద పట్టి ఎత్తుతుంది. బొటనవేలి మొదట్లో నొప్పికి కారణం చాలాసార్లు ఆ పట్టే.

చివరిగా ఒక్క మాట: “నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి.” కొందరు వేలు సూటిగా పెడతారు, సగం పని అయిపోయినట్టే. కొందరు అరచేత్తో మణికట్టంతా చుట్టి చూపిస్తారు. అప్పుడు కీలు లోపలి వాపో, నరమో, మెడ నుంచి దిగిన నొప్పో అని మనసులో పెట్టుకోండి.

చూడడం

రెండు చేతులూ తువ్వాలు మీద పక్కపక్కన, ముందు అరచేతులు కిందికి, తర్వాత పైకి. ఆపైన తల దించి పక్కనుంచి చూడండి. ఆ పక్కచూపును చాలామంది వదిలేస్తారు, రేడియస్ విరిగిన ఆకారం తెలిసేది దానితోనే. బల్ల మీద బోర్లించిన ముళ్లచెంచాను పక్కనుంచి చూస్తే వచ్చే వంపులాంటిది అది. మణికట్టు పైన వెనక్కి ఒక ఉబ్బు, దానికి ముందు ఒక పల్లం. డబ్లిన్ సర్జన్ అబ్రహాం కాలిస్ ఈ ఫ్రాక్చర్‌ను 1814లో వర్ణించాడు. ఎక్స్‌రేలు కనుక్కున్నది 1895లో. ఎనభై ఏళ్ల ముందే, కేవలం కంటితో, వేలితో ఆయన అది కీలు తొలగడం కాదు, ఎముక విరగడం అని తేల్చి చెప్పాడు. ఫిల్ము పక్కన పెట్టమన్నానని విసుక్కునే విద్యార్థులకు ఈ సంగతి చెబుతుంటాను.

ఇంకా చూడవలసినవి: బొటనవేలి మొదట్లోని కండ రెండు చేతుల్లోనూ ఒకేలా నిండుగా ఉందా, ఒకవైపు చప్పిడిగా అయిందా? మణికట్టు వెనక గోళీలాంటి గడ్డ ఉందా? ఉంటే మణికట్టును ముందుకు వంచమనండి, గాంగ్లియన్ (జిగురు ద్రవం నిండిన గడ్డ) అయితే ఇంకా స్పష్టంగా పైకి వస్తుంది. చీకటి గదిలో టార్చి ఆనిస్తే లోపలంతా వెలుగుతుంది. చిటికెన వేలి వైపు అల్నా (ముంజేతిలో రెండో ఎముక) తల రెండో చేతికన్నా ఎత్తుగా ఉందా? పాత కోతలు, కాలిన మచ్చలు, కట్టు కట్టిన ఆనవాళ్లు ఉన్నాయా?

తాకడం

ఈ భాగం దగ్గర తొందరపడకండి. గోళ్లు కత్తిరించుకోండి. ఏసీ గదిలో చేతులు చల్లబడి ఉంటే రుద్దుకోండి. బాగున్న చేతితో మొదలుపెట్టి, తర్వాత నొప్పి ఉన్న చేతిలో నొప్పికి దూరంగా ఉన్న చోటి నుంచి రండి. రోగి చూపించిన చోటును అన్నిటికన్నా చివర తాకండి. కళ్లు రోగి ముఖం మీద ఉంచండి. “నొప్పిగా ఉందా” అని ప్రతిసారీ అడగనక్కర్లేదు, కనుబొమ్మలు చెబుతాయి.

ముందు అరచెయ్యి కిందికి. మీ రెండు చూపుడు వేళ్లతో రెండు వైపులా ఎముక మొనలు పట్టుకోండి. బొటనవేలి వైపు ఉన్నది రేడియస్ మొన, చిటికెన వేలి వైపు ఉన్నది అల్నా మొన. మామూలు చేతిలో రేడియస్ మొన దాదాపు ఒక సెంటీమీటరు వేళ్ల వైపుకు దిగి ఉంటుంది. రెండూ ఒకే వరుసలోకి వచ్చాయంటే రేడియస్ విరిగి కుంగిందని అర్థం. కొత్త దెబ్బకైనా, కట్టు విప్పాక సరిగా అతికిందో లేదో చూసేందుకైనా ఈ కొలత పనికొస్తుంది.

రేడియస్ మొన మీదే నొప్పి ఉంటే డి కెర్వాన్ వ్యాధి అనుకోవచ్చు. బొటనవేలిని పక్కకు చాచే రెండు టెండన్ల గొట్టం అక్కడ బిగుసుకుంటుంది. మొన నుంచి నాలుగైదు సెంటీమీటర్లు మోచేతి వైపు, ముంజేతి వెనక నొప్పి ఉండి, కదిపినప్పుడు కొత్త చెప్పుల్లా కిర్రుమంటుంటే అది వేరే జబ్బు. అక్కడ రెండు జతల టెండన్లు ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి, ఒరిపిడికి వాచేది ఆ కూడలి. మొన కన్నా కిందికి, బొటనవేలి మొదటి కీలు దగ్గర నొప్పి ఉండి, వేలిని లోపలికి నొక్కుతూ తిప్పితే గరగరలాడుతుంటే అది అరిగిన కీలు. యాభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. మూడింటినీ రోగి “బొటనవేలి దగ్గర నొప్పి” అనే చెబుతుంది. వేరు చేయగలిగేది మీ వేలే.

ఇప్పుడు బొటనవేలిని పైకి చాచమనండి. దాని మొదట్లో, రెండు టెండన్ల మధ్య ఒక గుంట పడుతుంది. పాతకాలం వాళ్లు ముక్కుపొడుం పోసుకుని పీల్చిన గుంట కాబట్టి వైద్యంలోనూ దానికి ముక్కుపొడుం గుంట అనే పేరే నిలిచింది. దాని అడుగున స్కాఫాయిడ్, ట్రపీజియం ఎముకలు ఉంటాయి, వాటి మీదుగా రేడియల్ ధమని పోతుంది. మీ చూపుడు వేలి కొన ఆ గుంటలో పెట్టి, రోగి చేతిని చిటికెన వేలి వైపు మెల్లగా వంచండి. స్కాఫాయిడ్ నడుము భాగం మీ వేలి కిందికి వస్తుంది. ఇప్పుడు నొక్కండి. బాగున్న చేతిలోనూ ఇక్కడ కాస్త నొప్పిగానే ఉంటుంది, కింద నరం పోగు ఉంది కనుక. రెండు చేతులకూ తేడా ఉందా అన్నదే ప్రశ్న.

ఒక్క గుంటతో ఆగకండి. చేతిని తిప్పి అరచెయ్యి పైకి పెట్టండి. మణికట్టు ముడత మీద, బొటనవేలి కండ మొదట్లో ఒక చిన్న ఎముక బుడిపె తగులుతుంది. చేతిని బొటనవేలి వైపు వంచితే అది మీ వేలికి ఎదురొస్తుంది. అది స్కాఫాయిడ్ ముందు కొన. అక్కడా నొక్కండి. మూడోది, బొటనవేలిని పట్టుకుని దాని నిలువునా మణికట్టులోకి నెట్టండి. పడిన మనిషికి ఈ మూడింటిలోనూ నొప్పి ఉంటే, ఫిల్ము ఎంత శుభ్రంగా ఉన్నా అది స్కాఫాయిడ్ ఫ్రాక్చర్ అనుకునే నడుచుకోండి. గుంటలో ఒక్కచోటే నొప్పి ఉన్నా వదిలేయడానికి వీల్లేదు.

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో నేను ఆ తప్పు చేశాను. విజయవాడలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసే కుర్రవాడు, ఇరవై రెండేళ్లుంటాయి, బండి జారి పడి వచ్చాడు. ఫిల్ములో గీత కూడా లేదు. బెణికింది అని చెప్పి, క్రేపు కట్టి, మాత్రలు రాసి పంపాను. గుంటలో నొక్కి చూశానా లేదా అన్నది కూడా చీటీలో రాయలేదు. ఎనిమిది నెలల తర్వాత అదే కుర్రవాడు ఓపీ వరుసలో కనిపించాడు. సుత్తి ఎత్తలేకపోతున్నానన్నాడు. ఈసారి ఫిల్ములో స్కాఫాయిడ్ రెండు ముక్కలు, మధ్యలో ఖాళీ, పై ముక్క తెల్లగా మెరుస్తూ ఉంది. ఆ రోజు పది రోజులకు రమ్మని ఒక్క మాట చెప్పి ఉంటే అతని పని అతనికి మిగిలేది.

అలా ఎందుకవుతుందో రోగికి కూడా చెప్పాలి, అప్పుడే కట్టు ఉంచుకుంటాడు. స్కాఫాయిడ్‌కు రక్తం చాలావరకు వేళ్ల వైపు కొస నుంచి ఎక్కి, వెనక్కి పారుతుంది. మన కృష్ణా డెల్టాలో కాలువకు నడుమ గండి పడితే శివారు పొలం ఎండిపోతుంది. ఎముక నడుము దగ్గర విరిగితే రేడియస్ వైపు ముక్క ఆ శివారు పొలమే. తెనాలి వైపు రైతుకు ఈ పోలిక చెబితే రెండోసారి చెప్పనక్కర్లేదు. మొదటి రోజు ఫిల్ములో విరుగు కనిపించకపోవచ్చు. అనుమానం ఉంటే బొటనవేలిని కలుపుకుని సిమెంటు కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల మధ్య కట్టు విప్పి మళ్లీ నొక్కి, మళ్లీ ఫిల్ము తీయాలి. ఎమ్మారై చేయించగల స్తోమత ఉంటే అంతవరకు ఆగనక్కర్లేదు.

మిగతా చోట్లు వరుసగా తాకుతూ రండి. రేడియస్ వెనక మధ్యలో చిన్న ఎముక గుబ్బ ఉంటుంది, లిస్టర్ గుబ్బ అంటారు. దానికి ఒక సెంటీమీటరు కిందుగా, వేళ్ల వైపు, స్కాఫాయిడ్, దాని పక్క ఎముక లూనేట్ కలిసే సందు. పడినవాళ్లకు అక్కడ నొప్పి ఉంటే ఆ రెంటినీ కట్టి ఉంచే లిగమెంటు తెగిందేమో చూడాలి. దాని పక్కనే, మణికట్టును వంచితే వేలికి తగిలేది లూనేట్. పడకుండానే, బరువు పనిచేసే నడివయసులోపు మనిషికి అక్కడ నెలల తరబడి నొప్పి, పట్టు తగ్గడం ఉంటే కీన్‌బాక్ వ్యాధి సంగతి గుర్తుంచుకోండి, ఆ ఎముకకు రక్తం అందక చచ్చుబడుతుంది.

చిటికెన వేలి వైపు అల్నా మొనకూ, అరచేతి వైపు బఠాణీ గింజలా తగిలే పిసిఫార్మ్ ఎముకకూ మధ్య ఒక మెత్తటి పల్లం ఉంది. వేలు అందులోకి దిగుతుంది. అక్కడ నొక్కితే “అదే, అదే” అని రోగి చెయ్యి లాక్కుంటే, అల్నా చివర ఉండే మృదులాస్థి బిళ్ల దగ్గర దెబ్బ ఉన్నట్టు. స్పానరు తిప్పేవాళ్లలో నేను దీన్ని తరచు చూస్తున్నాను. పిసిఫార్మ్ మీద మీ బొటనవేలి కణుపు పెట్టి, కొనను రోగి చూపుడు వేలి మొదలు వైపుకు తిప్పితే, ఆ కొన కింద లోతుగా హామేట్ అనే ఎముక కొక్కెం తగులుతుంది. బ్యాటు పిడి అరచేతిలో గుచ్చుకుని దెబ్బ తగిలిన క్రికెట్ కుర్రవాళ్లలో అక్కడ తప్పక నొక్కండి.

నొప్పి తేలిన ప్రతి చోటా పెన్నుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టండి. తర్వాత ఫిల్ము విప్పినప్పుడు ఆ గుర్తు ఏ ఎముక మీద పడుతుందో చూసుకోవచ్చు.

కదిలించడం

ముందు రోగిని తనంతట తాను కదపమనండి, తర్వాతే మీరు కదపండి. నమస్కారం పెట్టమంటే ఎవరికీ వివరించనక్కర్లేదు. అరచేతులు విడిపోకుండా చేతులను నాభి వైపు దించమనండి, మోచేతులు పైకి లేస్తాయి. మణికట్టు వెనక్కి ఎంత వంగుతోందో రెండు వైపులా ఒకేసారి కనిపిస్తుంది. మామూలుగా 70 డిగ్రీల దాకా వస్తుంది. ఇప్పుడు తలకిందుల నమస్కారం, అంటే చేతుల వెనక భాగాలు ఆనించి, వేళ్లు కిందికి. ముందుకు వంగడం 80 దాకా. చెయ్యి బల్ల మీద ఆనించి, బొటనవేలి వైపు 20, చిటికెన వేలి వైపు 30 డిగ్రీలు పక్కలకు వంగుతుంది.

తిప్పడం చూసేటప్పుడు మోచేతులు నడుముకు ఆనించి ఉంచాలి, లేకపోతే భుజం వచ్చి లోటు కప్పేస్తుంది. రెండు పిడికిళ్లలో రెండు పెన్నులు పట్టించండి. తీర్థం పుచ్చుకునేటట్టు అరచెయ్యి పైకి, ఆపైన బోర్లా. రెండు వైపులా దాదాపు 80 డిగ్రీలు. పెన్నుల ఏటవాలు చూస్తే తేడా తెలిసిపోతుంది. కాలిస్ ఫ్రాక్చర్ అతికాక చాలామందికి లోటు మిగిలేది ఈ తీర్థం కదలికలోనే. వాళ్లు దాన్ని “చిల్లర తీసుకోలేకపోతున్నాను”, “ముఖం కడుక్కోవడానికి దోసిలి పట్టలేకపోతున్నాను” అని చెబుతారు. ఆ మాటలే చీటీలో రాయండి.

రేడియస్ విరిగిన మనిషి కట్టు విప్పిన తర్వాత కనిపిస్తే, అరచెయ్యి బల్ల మీద బోర్లా ఆనించి బొటనవేలిని ఒక్కదాన్నే పైకెత్తమనండి. ఎత్తలేకపోతే లిస్టర్ గుబ్బ చుట్టూ తిరిగే టెండను అరిగి తెగింది. ఎముక కదలకుండా సన్నగా విరిగినవాళ్లలో కూడా వారాల తర్వాత ఇది జరుగుతుంది.

పట్టు కొలిచే మిషను లేదని బాధపడకండి. బీపీ మిషను పట్టీని చుట్టచుట్టి 20 దాకా గాలి కొట్టి, పిడికిట్లో గట్టిగా నొక్కమనండి. అంకె ఎంతవరకు ఎక్కిందో రెండు చేతులకూ రాసుకోండి. వచ్చే నెల మళ్లీ అదే మిషనుతో చూడండి.

అనుమానాన్ని బట్టి చేసే పరీక్షలు

పేర్లున్న పరీక్షలు పదుల్లో ఉన్నాయి. అన్నీ అందరికీ చేయకండి. వాచిన మణికట్టును పది రకాలుగా మెలిపెడితే రోగి బిగుసుకుపోతాడు, ఆపైన దేనికీ అర్థం ఉండదు.

డి కెర్వాన్ అనుమానం ఉంటే: బొటనవేలిని లోపల ముడిచి పిడికిలి పట్టించి మణికట్టును చిటికెన వేలి వైపు వంచడాన్ని అందరూ ఫింకెల్‌స్టైన్ పరీక్ష అంటారు. నిజానికి అది ఐకాఫ్ చెప్పిన పద్ధతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ అందులో లాగుతుంది. కావాలంటే ఇప్పుడే మీ చేతికి చేసి చూసుకోండి. ఫింకెల్‌స్టైన్ చెప్పినది రోగి బొటనవేలిని మీరు పట్టుకుని, చేతిని చిటికెన వేలి వైపుకు లాగడం. ముందు చేతి బరువుకే మణికట్టును బల్ల అంచు నుంచి జారనివ్వండి. నొప్పి రాకపోతేనే కాస్త నెట్టండి. ఇంకా రాకపోతే బొటనవేలిని లాగండి. మొదటి మెట్టులోనే జివ్వుమంటే రెండో మెట్టు అక్కర్లేదు.

కార్పల్ టన్నెల్ (మణికట్టు ముందువైపు సొరంగంలో మీడియన్ నరం నొక్కుకోవడం) అనుమానం ఉంటే: మాట దగ్గరే చాలా తేలుతుంది. “రాత్రి రెండింటికి లేచి చెయ్యి విదిలించుకుంటాను, అప్పుడు తగ్గుతుంది” అన్నారంటే నా వరకు అది సగం నిర్ధారణ. పరీక్షకు మూడు పద్ధతులు. మోచేతులు బల్ల మీద ఆనించి, మణికట్లు వాటంతట అవి ముందుకు వేలాడేలా 60 సెకన్లు ఉంచడం. మీ బొటనవేళ్లతో మణికట్టు ముడత కిందుగా, అరచేతి మొదట్లో 30 సెకన్లు నొక్కి ఉంచడం. అదే చోట వేలితో తట్టడం. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి పుడితే లెక్క. నొప్పి పుట్టడం లెక్క కాదు. నొక్కి ఉంచే పద్ధతిని నేను ఎక్కువ నమ్ముతాను, మణికట్టు వంగనివాళ్లకూ చేయవచ్చు. తర్వాత కళ్లు మూయించి దూదితో తాకండి. ఉంగరం వేలి రెండు పక్కలా విడిగా తాకండి. బొటనవేలి వైపు సగం మొద్దుబారి చిటికెన వైపు సగం బాగుంటే అది మీడియన్ నరమే. అరచేతి నడుమ స్పర్శ బాగానే ఉంటుంది, అక్కడికి వెళ్లే నరం పోగు సొరంగంలోకి దిగకుండా పైనుంచే పోతుంది. చివరికి అరచెయ్యి పైకి పెట్టించి, బొటనవేలిని నిటారుగా పైకప్పు వైపు ఎత్తమని, మీ వేలితో అడ్డుకోండి. అక్కడ బలం తగ్గిందంటే మాత్రలతో కాలం గడపకూడదు. షుగరు, థైరాయిడ్, కీళ్లవాతం, గర్భం గురించి అడగడం మరవకండి.

గుంటూరులో ఇంకో చిక్కు ఉంది. మిర్చి పనివాళ్లు “చేతులు మండుతున్నాయి” అంటూ వస్తారు. అది నరం మంటా, కారం మంటా? కారం మంట చేతి వెనకా, వేళ్ల సందుల్లో, చిటికెన వేలితో సహా అన్నిచోట్లా ఉంటుంది. పనిరోజున పుడుతుంది, పని మానిన రెండు మూడు రోజులకు చల్లబడుతుంది. చర్మం ఎర్రబడి ఉంటుంది. నరం మంటకు చిటికెన వేలు మినహాయింపు, రాత్రి నిద్ర లేపుతుంది, సీజను అయిపోయినా పోదు. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. అలాంటి చెయ్యి పరీక్షించాక సబ్బుతో మీ చేతులు కడుక్కోనిదే కన్ను తుడుచుకోకండి.

స్కాఫాయిడ్, లూనేట్ మధ్య లిగమెంటు కోసం: మీ బొటనవేలితో స్కాఫాయిడ్ ముందు కొనను అరచేతి వైపు నుంచి అదిమిపెట్టి, రోగి చేతిని చిటికెన వేలి వైపు నుంచి బొటనవేలి వైపుకు తీసుకురండి. వేలు వదలగానే టక్కుమని ఎముక వెనక్కి జారి, రోగికి తన నొప్పే వస్తే అనుమానించాలి. ఒళ్లంతా కీళ్లు వదులుగా ఉన్నవాళ్లలో రెండు వైపులా టక్కుమంటుంది, నొప్పి ఉండదు. దాన్ని జబ్బు అనకండి. వాట్సన్ పరీక్ష అంటారు దీన్ని. చెయ్యి తిరగాలంటే ముందు వారం రోజులు తోటి విద్యార్థుల చేతుల మీద అభ్యాసం చేయండి.

అల్నా వైపు నొప్పికి: కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి ఒంటిని పైకి ఎత్తమనండి. పల్లం దగ్గర నొప్పి వస్తే చాలు. అల్నా తలను పియానో మెట్టులా కిందికి నొక్కి వదిలితే, రెండో వైపు కన్నా ఎక్కువ ఎగిరిపడుతోందా చూడండి.

రేడియల్ ధమనిలో సూది గానీ గొట్టం గానీ వేసే ముందు: పిడికిలి బిగించమని రెండు ధమనులనూ అదమండి, పిడికిలి తెరిచాక చిటికెన వేలి వైపు ఉన్న అల్నార్ ధమనిని వదలండి. అరచేతికి ఎరుపు 7 సెకన్లలోపు తిరిగి రావాలి.

మణికట్టులో ఏమీ తేలకపోతే మోచెయ్యి, భుజం, మెడ చూడండి. మెడ దగ్గర నరం నొక్కుకున్నా తిమ్మిరి బొటనవేలిలోనే ఉండవచ్చు.

ఆగకూడని సందర్భాలు

జ్వరంతో, ఎర్రగా, వేడిగా, ఏ వైపుకూ కదపనివ్వని మణికట్టు కీలులో చీము ఉన్నట్టే అనుకోండి. అదే రోజు పంపండి. గట్టిగా పడి, వాపుతో పాటు బొటనవేలు వైపు వేళ్లు మొద్దుబారితే, పక్కనుంచి తీసిన ఫిల్ము తప్పనిసరి. లూనేట్ ముందుకు తొలగి నరాన్ని నొక్కుతుంటే ఎదురుగా తీసిన ఫిల్ములో చాలాసార్లు కన్ను దాటిపోతుంది. మణికట్టు మీద గాజు గానీ కత్తి గానీ తెగితే, కుట్లు వేసే ముందు ప్రతి వేలినీ విడివిడిగా వంచి చాపించి, స్పర్శ చూసి, రాసి, ఆ తర్వాతే మత్తు సూది.

నాటు కట్టుతో వచ్చినవాళ్లను కోప్పడకండి. ఖర్చు భయంతోనో, ఇంట్లో పెద్దల మాట మీదో వెళ్లి ఉంటారు. కోప్పడితే వచ్చేసారి ఇంకా ఆలస్యంగా వస్తారు. కానీ వేళ్లు మెల్లగా చాపితే కేక పెట్టేంత నొప్పి ఉన్నా, వేళ్లు పాలిపోయినా, మొద్దుబారినా, కట్టు ఎవరు కట్టిందైనా ఆ నిమిషంలోనే నిలువునా కోసేయండి. నాడి తగులుతోంది కదా అని ధైర్యపడవద్దు. కండ చచ్చిపోతున్నప్పుడు కూడా నాడి తగులుతుంది.

రాయడం

ఇప్పుడు కవరు విప్పి ఫిల్ము చూడండి, ఇంటూ గుర్తులతో పోల్చండి. చీటీలో ఇలా రాయండి: “కుడిచేతి వాటం, లారీ షెడ్డులో పని. నిన్న బండి మీంచి కుడి అరచెయ్యి ఆనించి పడ్డాడు. ముక్కుపొడుం గుంటలో నొప్పి ఉంది, ఎడమవైపు లేదు. స్కాఫాయిడ్ ముందు కొన మీద నొప్పి ఉంది. బొటనవేలిని నెడితే నొప్పి ఉంది. ఎముక మొనల మధ్య దూరం మామూలే. వేళ్లలో స్పర్శ, నాడి బాగున్నాయి. ఫిల్ములో విరుగు కనిపించలేదు. బొటనవేలితో సహా కట్టు వేశాం.” నొప్పి లేని చోట లేదని రాయడం కూడా రాతే.

ఆపైన రోగి చేతికిచ్చే కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, తేదీ వేసి రాయండి. సత్తెనపల్లి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి మళ్లీ ఒక రోజు కూలి పోగొట్టుకుని రావాలంటే ఎందుకో అతనికి తెలియాలి. నేను రాసే మాటలు ఇవి: “పద్నాలుగో రోజున ఇదే ఓపీకి రండి. ఈ లోపు కట్టు తడపవద్దు, విప్పవద్దు. నొప్పి పూర్తిగా తగ్గినా సరే రండి.”